ఉత్తుత్తి ఇంట్లో నిజం గొడవ

కండక్టరమ్మ ఉద్యోగం వదిలి ఏళ్లు గడిచినా ఆమె గొంతు మాత్రం ఇంకా బస్సు దిగలేదు. కూరగాయల కొట్టు ముందు నలుగురు గుమిగూడితే చాలు, "ముందుకు జరగండి, లోపల ఖాళీ ఉంది" అనేది. అక్కడ లోపల అంటూ ఏమీ లేకపోయినా జనం జరిగేవాళ్లు. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, సీట్లు నిండిపోయాయని చెప్పి మాట మార్చేసేది.

ఆమె పనిచేసిన బస్సు మార్కెట్‌లో బయల్దేరి ఆస్పత్రి దగ్గర ఆగేది. మార్కెట్‌లో ఎక్కేవాళ్లకు గంపలు, ఆస్పత్రికి వెళ్లేవాళ్లకు నొప్పులు. ఇద్దరూ పట్టుకోవాల్సిన కమ్మీ ఒకటే. కాబట్టి గొడవలకు ఏనాడూ కొదవలేదు. ఏ గొడవను మొదట్లోనే తుంచెయ్యాలో, దేన్ని వచ్చే స్టాపుదాకా సాగనివ్వాలో ఆమెకు అక్కడే తెలిసింది. తర్వాత తలుపులు వాటంతటవే తెరుచుకునే బస్సులొచ్చాయి, కార్డు తాకిస్తే ఒక కూత, తాకించకపోతే పది కూతలు పెట్టే యంత్రాలొచ్చాయి. కండక్టర్లందరికీ తలో గోడ గడియారం ఇచ్చి ఇంటికి పంపించారు.

ఇంట్లో మాట్లాడ్డానికి గడియారం తప్ప ఎవరూ లేరు. అదీ టిక్కు టిక్కుమంటుందే గానీ ఎదురు చెప్పదు. ఎదురు చెప్పని వాళ్లతో ఎంతసేపని మాట్లాడతాం?

అలా ఉండగా ఊళ్లో పోలీసుల గురించి పెద్ద చర్చ లేచింది. ఒక కానిస్టేబులు తోపుడుబండి వాణ్ణి చెంపమీద కొట్టిన వీడియో అందరి ఫోన్లలోనూ తిరిగింది. పోలీసుల్ని సగానికి తగ్గించాలని కొందరు, రెండింతలు చెయ్యాలని కొందరు. టౌన్ హాల్లో బహిరంగ సభ పెట్టారు. కండక్టరమ్మ వెళ్లింది చర్చ కోసం కాదు. ఆ సాయంత్రం ఇంట్లో కరెంటు పోయింది, హాల్లో ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

వేదిక మీద కాలేజీ లెక్చరరు ఒకాయన లాఠీలు తీసేసి సలహాదారులను పెట్టాలంటున్నాడు. ఇనుప సామాన్ల కొట్టు యజమాని ఒకాయన, దొంగ వచ్చినప్పుడు సలహాదారు ఏం చేస్తాడు, దొంగకు సలహా ఇస్తాడా అంటున్నాడు. మాటకు మాట పెరిగి, ఇద్దరూ ఒకే మైకును చెరోవైపు లాగడం మొదలుపెట్టారు. వెనక వరసలోంచి కండక్టరమ్మ లేచింది. మైకు ఒకరి తర్వాత ఒకరికని, లెక్చరరుగారి స్టేజీ వచ్చేసింది కాబట్టి దిగమని చెప్పింది. ఆయన దిగాడు. ఎందుకు దిగాడో ఆయనకు కింద కుర్చీలో కూర్చున్నాక గానీ అనుమానం రాలేదు.

ముందు వరసలో ఉన్న ఒక పోలీసు అధికారిణి తల తిప్పి చూసింది. పోలీసు శిక్షణ కేంద్రం బాధ్యత ఆవిడది. సన్నటి మనిషి, నెమ్మదైన మాట. అందరూ మేడమ్ అనే పిలుస్తారు. సభ అయ్యాక మెట్ల దగ్గర కండక్టరమ్మను ఆపి, వారానికి రెండు రోజులొచ్చి మా వాళ్లను తిట్టగలరా అని అడిగింది. కండక్టరమ్మ ఆవిడను ఎగాదిగా చూసింది.

"జీతమిచ్చి తిట్టించుకుంటారా మేడమ్? ఇన్నాళ్లూ ఊరికే తిట్టి ఎంత నష్టపోయాను."

అలా ఆమె శిక్షణ కేంద్రంలో ఉత్తుత్తి ఇంటికి ఇల్లాలైంది.

ఆ ఇల్లు ఒక రేకుల షెడ్డులో ఉంది. ప్లైవుడ్డు గోడలు, మంచి గట్టి తలుపు, లోపల గడియ. ఒక కాలు విరిగితే ఇటుక పెట్టి నిలబెట్టిన సోఫా, గ్యాసు లేని పొయ్యి, ఎన్నిసార్లు విసిరినా పగలని ప్లాస్టిక్ పళ్లేలు. ఒక గోడకు పెద్ద అద్దం. దాని వెనక మేడమూ, ఇంకో ఇద్దరు పరీక్షాధికారులూ కూర్చుంటారు. వాళ్లకు ఇల్లూ, బయట పెట్టిన కెమెరాలోంచి గుమ్మమూ కనిపిస్తాయి, మాటలు వినిపిస్తాయి, అంతా వీడియోకెక్కుతుంది. ఇంట్లోవాళ్లకు తమ మొహాలే కనిపిస్తాయి. ఇంట్లో మొగుడూ పెళ్లాలు కొట్టుకుంటున్నారనో, ఎవడో తాగి పడిపోయాడనో ఒక కట్టుకథ. కానిస్టేబులు వచ్చి ఆ గొడవను చెయ్యి వాడకుండా మాటలతో చల్లార్చాలి. మరీ శ్రుతి మించితే ఎవరైనా రెండు చేతులూ పైకెత్తొచ్చు. ఎత్తితే అక్కడితో నాటకం ఆపెయ్యాలి.

ఆమెకు మొగుడిగా పెట్టింది రిటైరైన పోస్టుమాన్‌ని. బక్కపలచటి మనిషి, జన్మలో ఎవరి మీదా గొంతెత్తి ఎరగడు. రోజూ పని మొదలయ్యే ముందు వచ్చి, "ఇవాళ నేను తాగానా, తాగలేదా అమ్మా?" అని భయభక్తులతో అడిగేవాడు. తాగావంటే సోఫాలో పడి నిజంగానే నిద్రపోయేవాడు. ఇంత వయసులో దొరికిన మొగుడు ఈ మాత్రం ఉండటమే ఎక్కువ అనుకునేది కండక్టరమ్మ.

సభల్లో కొట్టుకున్నవాళ్లు కొట్టుకోగా, నగరపాలక సంఘం చివరికి మధ్యేమార్గం పట్టింది. పోలీసుల్ని తగ్గించరు, పెంచరు. ఒక్కో వీధికి ఒక్కో పోలీసును అప్పగిస్తారు. అతను బండెక్కకుండా ఆ వీధిలో కాలినడకన తిరగాలి, గడప గడపకూ తెలిసినవాడు కావాలి. దానికి ముందు ఈ ఉత్తుత్తి ఇంట్లో పరీక్ష గట్టెక్కాలి. రెండుసార్లు తప్పినవాణ్ణి ఊరి బయట, పోలీసులు పట్టుకొచ్చిన బండ్లు తుప్పుపట్టే దొడ్డికి కాపలా వేస్తారు.

ఇక్కడే కండక్టరమ్మకు ఇంటిపోరు తగులుకుంది. ఆమె అక్క మొగుడు హెడ్‌కానిస్టేబులు.

బావ చెడ్డవాడు కాదు. చేతివాటం లేదు, తాగుడు లేదు. ఉన్నదల్లా గొంతే. ఆయన తుమ్మినా ఎవరి మీదో కేసు పెట్టినట్టుండేది. అన్నం దగ్గర ఉప్పు అందించమని అడిగితే పక్కింటివాళ్లు కిటికీలు మూసుకునేవాళ్లు. పోలీసంటే భయముండాలి, అది లేకపోతే వీధికుక్క కూడా లెక్కచెయ్యదని ఆయన సిద్ధాంతం. కుక్క ఇప్పుడు మాత్రం ఏం లెక్కచేస్తోంది బావా, మొన్న మలుపుదాకా నీ వెంట పడి తరిమింది కదా అని మరదలు గుర్తు చేసేది. ఇద్దరికీ ఇలా మాటా మాటా అనుకోవడం పెళ్లినాటినుంచీ సరదాయే.

మొదటిసారి పరీక్షలో ఆయనకు తలుపు తెరిపించే ఘట్టం వచ్చింది. లోపల భార్య వేషంలో ఉన్నది సోడాకొట్టు ఆవిడ. బావ తలుపు తట్టాడు. ఆయన లెక్కలో అది తట్టడమే. ప్లైవుడ్డు గోడ పెళ్లున విరిగి సోఫా మీద పడింది. తలుపు మాత్రం గడియతో సహా నిలబడే ఉంది. ఆ గోడను మళ్లీ నిలబెట్టడానికి వడ్రంగికి రెండు పూటలు పట్టింది. బావ పరీక్ష తప్పాడు.

రెండోసారి పరీక్షకు ముందు సోడాకొట్టు ఆవిడ గొంతు పోయింది. ఆమె వంతు కూడా కండక్టరమ్మనే చూడమన్నారు. వచ్చేది బావ అని తెలిసింది. ఆయన తన బావ అని మేడమ్‌కు ఒక్క మాట చెప్పాల్సింది. కానీ, టికెట్ ఎవరికైనా టికెట్టే, ఇందులో చెప్పేదేముంది అనుకుంది. తన నిక్కచ్చితనం మీద ఆమెకు అంత నమ్మకం.

ఆ సాయంత్రమే అక్క వచ్చింది. అక్క మాటకారి కాదు. ఏదైనా అడగాల్సి వస్తే ముందు అవతలివాళ్ల ఇల్లు సర్దుతుంది. గిన్నెలు బోర్లించింది, దుప్పటి మడతపెట్టింది, గడియారం తుడిచింది. అప్పుడు విషయానికొచ్చింది. రేపు ఆయన అమ్మా అని పిలవగానే గడియ తీసెయ్యమంది.

"నాన్న టికెట్ తీసుకోలేదని నాన్ననే బస్సు దింపినదాన్ని అక్కా నేను."

"అందుకేగా, తర్వాత ఎంత దూరమైనా నడిచే వెళ్లాడు గానీ నీ బస్సు ఎక్కలేదు."

కండక్టరమ్మ నవ్వింది గానీ ఒప్పుకోలేదు. దొడ్డి కాపలా అంత కష్టమా, నీడపట్టున కూర్చునే పనే కదా అంది. అక్క కాసేపు చీర కుచ్చెళ్లు సవరించుకుంది. ఇప్పుడైతే స్టేషన్లో పదిమంది మీద అరిచి, మిగిలినది ఇంటికి తెస్తున్నాడు. రోజంతా తుప్పుబండ్ల మధ్య కూర్చుంటే అరవడానికి ఎవరుంటారు, మొత్తం మూటగట్టుకుని ఇంటికే కదా తెచ్చేది అంది. ఇప్పటికే ఆయన వచ్చే వేళకు తను స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని కూర్చుంటుందట. ఆయన చల్లబడ్డాక బయటికొస్తుందట.

"బట్టలు ఉతుకుతున్నాననుకుంటాడు పాపం. మా ఇంట్లో మాసిన గుడ్డంటూ ఉండదే. ఉతికినవే ఉతుకుతుంటాను."

ఇది చెప్పి అక్కే నవ్వింది. చెల్లికి నవ్వు రాలేదు. ఈ సంగతి ఎక్కడా అనొద్దని అక్క ఒట్టు వేయించుకోలేదు. వేయించుకోవాల్సిన అవసరముందని ఆమెకు తోచి ఉండదు.

మర్నాడు ఉత్తుత్తి ఇంట్లో కథ ఇది: భార్య మొగుడితో పోట్లాడి లోపల గడియ పెట్టుకుంది, పొద్దుటినుంచి తియ్యడం లేదు, ఇరుగుపొరుగు పోలీసుకు కబురుపెట్టారు. పోస్టుమాన్ ఆ పూట తాగలేదు, కాబట్టి బయట నిలబడి చేతులు నలుపుకోవాలి. బావ వచ్చాడు. యూనిఫారం ఇస్త్రీ మడతలు నలగలేదు. గోడను ఒకసారి జాగ్రత్తగా చూసి, ఒక్క వేలితో తలుపు తట్టాడు.

"అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతోంది."

క్లాసులో నేర్పిన మాట. ఎక్కడా తడబడకుండా అప్పజెప్పాడు.

"ఏమర్థమైంది?" అంది లోపలినుంచి కండక్టరమ్మ.

బావ తడుముకున్నాడు. "మీ బాధ."

"ఏం బాధ?"

దానికి క్లాసులో జవాబు చెప్పలేదు. మళ్లీ మొదటినుంచి అందుకున్నాడు. అమ్మా, మీ బాధ నాకు అర్థమవుతోంది. ఆ రెండోసారి విన్నప్పుడు కండక్టరమ్మకు ఒళ్లు మండింది. తను ఎవరి భార్య వేషంలో ఉందో, పోస్టుమాన్ పెళ్లామో, ఎవరో, ఆ క్షణాన మరిచిపోయింది.

"నా మొగుడు ఇంటికొచ్చే వేళకు నేను స్నానాలగదిలో దూరి కుళాయి తిప్పుకుంటాను. ఉతికిన గుడ్డలే మళ్లీ ఉతుకుతాను. ఎందుకో చెప్పండి చూద్దాం."

నేనా అన్నట్టు పోస్టుమాన్ తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. బావ ఆయన్ను చూడలేదు. ఆయన తలుపును చూస్తున్నాడు. మొహం ముందు ఎర్రబడింది, తర్వాత పాలిపోయింది. ఇది పరీక్షలో లేదు అని, రెండు చేతులూ పైకెత్తాడు. నాటకం ఆపమని.

అద్దం వెనక ఒక పరీక్షాధికారి, అది ఆపమనే సైగన్న సంగతే మరిచి, పక్కాయన్ను మోచేత్తో పొడిచాడు. ఖాళీ చేతులు చూపిస్తున్నాడు, నావల్ల ప్రమాదం లేదని తెలియజేస్తున్నాడు, ఇది మనం నేర్పనే లేదు, ఇతనికి ఎంత బాగా తోచింది అన్నాడు.

లోపలున్న కండక్టరమ్మకు ఆ చేతులు కనబడలేదు. కనబడ్డా ఆగేది కాదు.

"ఇంట్లో ఉతకడానికి ఇంక ఏమీ మిగల్లేదు బావా" అంది, గొంతు తగ్గించి.

బావ మెల్లగా కిందికి వంగి, తలుపుకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. ఇస్త్రీ మడతలన్నీ నలిగిపోయాయి. ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకున్నది మైకుకు సరిగ్గా అందలేదు. అద్దం వెనకవాళ్లకు కనిపించింది, హెడ్‌కానిస్టేబులు నేల మీద కూర్చుని, తలుపు సందులోకి నోరు పెట్టి, ఎన్నడూ లేనంత మెల్లగా మాట్లాడటం మాత్రమే.

"నేను దాని మీద ఏనాడూ చెయ్యెత్తలేదే" అన్నాడు బావ.

"గొంతెత్తావు."

"అది అరుపని నాకు తెలీదు. మాట్లాడుతున్నాననే అనుకుంటాను. స్టేషన్లో అందరం అలాగే మాట్లాడుకుంటాం." టోపీ తీసి పక్కన పెట్టి అడిగాడు. "నువ్వైనా చెప్పొచ్చుగా ఇన్నేళ్లూ."

"నాకు నిన్ననే తెలిసింది. నువ్వు ఆ ఇంట్లోనే ఉంటావుగా, నీకు తెలియాలి."

ఇప్పుడేం చెయ్యమంటావని ఆయన అడిగాడు. నన్నడిగితే ఎలా, అడగాల్సిన మనిషిని అడుగు అని ఆమె అంది. గడియ తియ్యలేదు. టైమైపోయిందని గంట మోగింది. బావ లేచి, ఎవరికీ సెల్యూట్ చెయ్యకుండా, టోపీ కూడా మరిచిపోయి వెళ్లిపోయాడు. పోస్టుమాన్ ఆ టోపీ తీసుకుని వెంట పరుగెత్తాడు.

పరీక్షాధికారులు మార్కుల మీద మార్కులు కురిపించారు. తలుపు తెరుచుకోకపోతేనేం, గొంతు తగ్గించాడు, కూర్చున్నాడు, విన్నాడు. ఈ బ్యాచ్‌లో ఇంత సహజంగా ఎవరూ చెయ్యలేదన్నారు. కండక్టరమ్మ నటన గురించైతే చెప్పనే అక్కర్లేదట.

ఆ మెప్పు కండక్టరమ్మకు మింగుడుపడలేదు. టికెట్ లేనివాణ్ణి చూసీచూడనట్టు వదిలేసిన కండక్టరులా ఆమె షెడ్డు చుట్టూ రెండుసార్లు తిరిగింది. చివరికి మేడమ్ గదిలోకి వెళ్లి, అందులో నటన లేదని, ఆయన తన అక్క మొగుడని, జరిగింది తమ ఇంటి గొడవని చెప్పేసింది. మేడమ్ కళ్లజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. నవ్వు ఆపుకుంటోందో, కోపం ఆపుకుంటోందో తెలియలేదు. అయితే ఈ పరీక్ష చెల్లదని, లెక్కలోకి తీసుకోనని, సోమవారం కొత్త మనిషితో మళ్లీ పెడతానని అంది. వీడియోను మాత్రం వచ్చే బ్యాచ్‌కు పాఠంగా ఉంచుకుంటానంది.

"అది మా ఇంటి గొడవ మేడమ్."

"ప్రతి గొడవా ఎవరో ఒకరి ఇంటిదేనమ్మా. మా వాళ్లు తలుపు తట్టేది అలాంటి ఇళ్లకే."

అది నిజమే గనక కండక్టరమ్మ కాదనలేదు. అయినా కదలకుండా అక్కడే నిలబడింది. మేడమ్ ఆమెవైపు చూసి, నిట్టూర్చి, ఆ వీడియో చెరిపేసింది.

అప్పుడు పట్టుకుంది అసలు భయం. తను గడియ పెట్టుకుని ధైర్యంగా మాట్లాడింది ఉత్తుత్తి ఇంట్లో. అక్క ఉన్నది నిజం ఇంట్లో. తనేమో గంట మోగగానే బయటికొచ్చింది. అక్క గుట్టు బయటపెట్టిన పాపం ఆ ఇంట్లో ఎవరి నెత్తిన పడుతుంది? తన పరువు ముగ్గురు అధికారుల ముందు పోయిందనుకుంటాడు బావ. ఇవాళ ఇంటికి తీసుకెళ్లే అరుపు ఎంతదో! ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు. కుళాయి చప్పుడులో వినపడలేదేమో అనుకునేసరికి కాళ్లు నిలవలేదు. బస్సెక్కింది. కార్డు తాకించడం మరిచిపోయి యంత్రం చేత కూతపెట్టించుకుంది. జన్మలో మొదటిసారి, టికెట్ లేని ప్రయాణికురాలిగా జనమంతా ఆమెవైపు చూశారు.

అక్కావాళ్లది మేడ మీద వాటా. మెట్ల మొదట్లోనే గొంతు వినిపించింది. గట్టిగా, ఆగకుండా. కండక్టరమ్మ రెండేసి మెట్లు ఎక్కుతూ సగందాకా వెళ్లాక ఆగి, చెవి ఒగ్గింది. అది బావ గొంతు కాదు.

తలుపు తెరిచే ఉంది. బావ వంటింటి పీట మీద కూర్చుని ఉన్నాడు, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. అక్క నిలబడి మాట్లాడుతోంది. పెళ్లైన కొత్తలో తన పుట్టింటివాళ్ల ముందు మంచినీళ్లు చల్లగా లేవని అరిచిన సంగతి. పిల్ల పరీక్షకు చదువుకుంటుంటే పుస్తకం దొరకలేదని ఇల్లెగిరిపోయేలా కేకలేసిన సంగతి. ఏదీ మరిచిపోలేదు. ఉతికి మడతపెట్టి దాచినట్టు, ఒక్కొక్కటీ వరసగా తీసి ముందు పెడుతోంది. ఆ గొంతు అక్కదేనా అని చెల్లికే అనుమానం వచ్చింది. తమ ఇంట్లో గట్టి గొంతు తనొక్కదానికే వచ్చిందనుకుంది ఇన్నాళ్లూ.

"అక్కా" అంది గుమ్మంలోంచి.

"తర్వాత రావే. ఇంకా ఈ ఇంట్లోకి మారిన ఏడాది దగ్గరే ఉన్నాను."

బావ మరదలి వైపు బతిమాలుతున్నట్టు చూశాడు. ఇంకా ఎన్నేళ్లున్నాయి అని చిన్నగా అడిగాడు. మధ్యలో మాట్లాడొద్దంది అక్క. ఆయన మళ్లీ మోకాళ్ల మీద గడ్డం ఆనించాడు. కండక్టరమ్మ చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగింది. కింద వాటా ఆవిడ కిటికీ తెరుచుకుని, పనులన్నీ మానుకుని వింటోంది.

సోమవారం పరీక్షకు కండక్టరమ్మను ఉత్తుత్తి ఇంట్లోకి రానివ్వలేదు. అద్దం వెనక, మేడమ్ పక్కన కూర్చోబెట్టారు. గొంతు బాగుపడ్డ సోడాకొట్టు ఆవిడ ఇవాళ వేరే కథలో ఉంది. రాత్రిళ్లు పక్కింటివాళ్ల పాటల హోరుకు నిద్ర లేదని ఫిర్యాదు. ఆవిడకు మొదటి పరీక్ష నాటి గోడ గుర్తుంది. ఆ కసి కూడా కలిపి మొదలుపెట్టింది. పాటల దగ్గర్నుంచి పక్కింటి పిల్లిదాకా, పిల్లి దగ్గర్నుంచి వాళ్ల మూడో అల్లుడిదాకా వెళ్లింది. బావ ఇటుక కాలి సోఫా అంచున కూర్చుని, మధ్యలో రెండుసార్లు మాత్రం అడిగాడు. మీరేమన్నారు అప్పుడు అని ఒకసారి, మరి తర్వాత అని ఒకసారి. గొంతు ఇంకా కాస్త పెద్దదే. కానీ గోడలు నిలబడ్డాయి.

మేడమ్ కాగితం మీద ఏదో రాసుకుంది. పక్కనున్న పరీక్షాధికారి, చూడాల్సింది చూశామని, ఇంక చాలని గంట నొక్కాడు. సోడాకొట్టు ఆవిడ ఆగిపోయింది.

బావ అద్దంవైపు తిరిగి, చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఒక్క నిమిషం ఉండండి సార్. ఆవిడ మాట ఇంకా పూర్తికాలేదు."